ఇంకొకడి ఉగాది

పోయిన శుక్రవారం రాత్రి కువైట్‌లో, నాగసుబ్బయ్య మెస్సులో నలభై మంది అన్నం తింటున్న వేళ ఒక నర్సు లోపలికి వచ్చి, "కర్నూలు కల్లూరు కళ్యాణ్ అంటే ఎవరు?" అని అడిగింది. అందరి చేతులూ రామాంజి వైపు చూపించాయి. వచ్చినామె మధులత, కళ్యాణ్‌కు సొంత చెల్లెలు. తన అన్న పేరు పెట్టుకుని పదకొండేళ్ళుగా ఆ దేశంలో బతుకుతున్న పరాయివాణ్ణి ఆమె నిమిషం సేపు తేరిపార చూసింది. అరవలేదు, ఏడవలేదు. "ఉగాదికి వస్తా" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఉగాది ఈరోజే.

ప్రతి ఉగాదికీ పొద్దున్నే లేచి రామాంజి చేసే మొదటి పని ఒకటుంది. ఫోన్‌లో మధులత నంబరు తీసి, కాసేపు కళ్యాణ్‌గా మారిపోయి, రెండు ముక్కలు రాయడం. "మధూ, బాగుండా. పండగ చేసుకుంటాండా. చౌడమ్మ గుడికాడ ఈసారి ఎన్ని బండ్లు తిరుగుతాండాయి?" అంతే. ఆమె ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. గొంతు పట్టిచ్చేస్తుంది. కానీ ఆమె రాసే జవాబు కోసం ఏడాదంతా కాచుకుని ఉండేవాడు.

పండగ పోయినా ఇద్దరూ ఆపేవాళ్ళు కాదు. ఆమె ఆగకుండా రాసేది. కేసీ కాలువకు ఇంకా నీళ్ళు వదల్లేదని, వీధి చివర షేర్ ఆటోలు ఆపుతున్నారని, నీ సైకిల్‌ను నాన్న ఎవరికీ ఇవ్వనివ్వలేదని, ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నామని. ఫొటోలు పంపేది. ఉగాదికి మొక్కు తీర్చుకునే బండ్లు చౌడమ్మ గుడి చుట్టూ తొక్కి తొక్కి నల్లగా చేసిన బురద, అందులో మోకాళ్ళ దాకా దిగిన ఎద్దులు, వాటి వెనక బెదిరిపోయి పరుగెత్తే గాడిదలు. కల్లూరును రామాంజి సొంత కళ్ళతో చూసింది రెండేసార్లు, అదీ బస్సు కిటికీలోంచి. అయినా ఎడారిలో కారు తోలుతూ ఏ సిగ్నల్ దగ్గరో ఆగినప్పుడు గుండెలో కలుక్కుమనేది ఆ ఊరే. తను ఎన్నడూ ఉండని ఇల్లు, తను ఎన్నడూ తొక్కని సైకిల్.

సొంత ఊరు కోసిగి. అక్కడ ఉగాది అంటే వేరు. వానల్లేక గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అదే కోతల కూలికి, వలసపోయిన జనమంతా ఆ పండక్కి ఊరు చేరేవాళ్ళు. ఆరు నెలలు తాళం వేలాడిన తలుపులు తెరుచుకునేవి. అమ్మ నడినెత్తిన ఆముదం పెట్టి అరచేత్తో చరుస్తుంటే కళ్ళు మండేవి. మరుసటి రోజు సాయంత్రం మిద్దెలెక్కి సన్నటి నెలవంక కోసం వెతికేవాళ్ళు. ముందు ఎవరు చూస్తే వాళ్ళకు అన్న చిన్న ఈరన్న తన వాటా బెల్లం ముక్క ఇచ్చేవాడు. ఈ సంగతులు రామాంజి పదకొండేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. కల్లూరు కళ్యాణ్‌కు కోసిగి జ్ఞాపకాలు ఉండకూడదు కదా!

ఇదంతా ఎర్రగుంట్లలో మొదలైంది. సిమెంటు లారీలకు బస్తాలు మోస్తూ రామాంజి, కళ్యాణ్ ఒకే గదిలో ఉండేవాళ్ళు. కళ్యాణ్ మోతుబరి ఇంటి పిల్లవాడు. తండ్రి పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మాడని గొడవపడి, మళ్ళీ గడప తొక్కనని ఒట్టేసి వచ్చినవాడు. రామాంజికేమో కువైట్ పోవాలని ఆశ. పదో తరగతి పాసు కాలేదు కాబట్టి పాస్‌పోర్టులో 'ప్రభుత్వ అనుమతి లేకుండా పోరాదు' అనే ముద్ర పడుతుంది, ఆ ముద్ర పడితే సవాలక్ష అనుమతులు కావాలి. అప్పట్లో వీసాలు ఇప్పించే నాగసుబ్బయ్య దానికో దారి చెప్పాడు: పదో తరగతి పాసైన ఇంకొకడి పేరు మీద పాస్‌పోర్టు తీయించడం.

"నాకు ఈ పేరుతో ఇంక పనిలేదు. తీసుకోరా" అని కళ్యాణ్ తన సర్టిఫికెట్లు రామాంజి ఒళ్ళో పడేశాడు. బదులుగా రామాంజి ఓటరు కార్డు జేబులో పెట్టుకున్నాడు. "ఇంటోళ్ళు వెతికినా దొరకను. ఈపొద్దు నుంచి నేను రామాంజి, నువ్వు కళ్యాణ్. ఒకటే మాట. ఉగాదికి మా మధుకు రెండు ముక్కలు రాయి. నేను కువైట్‌లో బాగుండానని."

కువైట్‌లో దిగాక కళ్యాణ్ ఫోన్ ఒక్కసారీ కలవలేదు. "వాడు బెంగళూరు పోయినాడంట" అన్నాడు నాగసుబ్బయ్య. రెండేళ్ళకు ఆయనే వచ్చి ఇక్కడ మెస్సు పెట్టాక ఇంకో మాట కూడా అన్నాడు: "ఊరికి ఒక్క ఫోన్ చేసినా ఇద్దరం జైలుకు పోతాం. మీ అమ్మ సంగతి నేను కనుక్కుంటా." అన్నట్టే ప్రతి ఉగాదికీ కబురు తెప్పించేవాడు. అమ్మ బాగుండాదంట. నిన్ను అడిగిందంట.

ఈ ఉదయం రామాంజి మధులత నంబరు తీశాడు. ఏమీ రాయకుండానే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఒక్క ఫిర్యాదు చేస్తే జైలు. అది సరే. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఇక ఆ జవాబులు రావు.

ఈసారి రంజాన్ పండగ, ఉగాది కువైట్‌లో ఒకే రోజు పడ్డాయి. రామాంజి పనిచేసే అరబ్బు ఇంట్లో నమాజు అయ్యాక మధ్యాహ్నం దాకా సెలవిచ్చారు. మెస్సు స్నేహితుడు యేసుప్రసాద్‌తో కలిసి రోడ్డు పక్క వేపచెట్టు పూత దులుపుకుని మెస్సుకు చేరేసరికి గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకులు, లోపల నిజమైన నెయ్యి వాసన.

"అంత పూతేనా? చెట్టుకు నొప్పి పుడుతుందని దులపలేదా?" అంది వంట చేసే పుల్లమ్మ. పెనం మీద భక్ష్యం తిరగేస్తూనే మాట కూడా తిరగేయగలదు ఆమె.

"చేదు తక్కువైతే నువ్వు రెండు మాటలు కలుపు పుల్లక్కా. సరిపోతాది" అన్నాడు యేసుప్రసాద్.

"నీ పెండ్లాం వీసా రానీ. నీకు జన్మకు సరిపడా చేదు ఆయమ్మే కలుపుతాది."

ఎదురు ఫ్లాట్‌లోని కడప కుర్రాడు మస్తాన్ షీర్‌ఖుర్మా గిన్నె తెచ్చాడు. "మా ఊర్లో రేపు గదా రంజాన్. మా అమ్మ ఉపాసంతోనే దేవుని కడప గుడికి పోయింటాది, టెంకాయ కొట్టనీక" అన్నాడు. "ఏటా ఉగాదికి పోవాల్సిందే. మా సాయిబులింటి ఆడబిడ్డను ఇచ్చి పెండ్లి చేసినాం గదా ఆ సామికి." నవ్వుతూనే అన్నాడు గానీ, అనగానే మొహం పక్కకు తిప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ గమనించనట్టు నటించారు. పండగ రోజు ఆ మెస్సులో అదొక మర్యాద.

ఫోన్‌లో విశ్వావసు నామ సంవత్సర పంచాంగం పెట్టారు. ఏ రాశి వినాలో రామాంజికి ఏటా తెలిసేది కాదు. తనదా, కళ్యాణ్‌దా? ఈసారి అసలు చెవికే ఎక్కలేదు. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

మధులత వచ్చింది. పసుపు రంగు నూలు చీర, తలలో ఏ పువ్వూ లేదు. నాగసుబ్బయ్య ఎదురు వెళ్ళాడు. అరవై దాటినా కండువా మడత నలగని మనిషి.

"రామ్మా, రా. మొన్న నేను కూరగాయలకు పోయినప్పుడు వచ్చింది నువ్వేనంట గదా. మా కళ్యాణ్‌కు ఏమైతావు?"

రామాంజి తినడం ఆపేశాడు.

"ఒకే వీధి" అంది మధులత.

నాగసుబ్బయ్య నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఒకసారి రామాంజిని, ఒకసారి ఆమెను తూకం వేశాయి. తర్వాత ఆయన అక్కడి నుంచి కదల్లేదు. పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె పచ్చడి నోట్లో వేసుకుంది. "మన ఊరి ఉగాది సంగతి చెప్పన్నా, వీళ్ళకు" అంది మామూలుగా. "వింటే నాకూ ఇంటికి పోయినట్టుంటాది."

"ఆ బురద కథ చెప్పురా!" అని యేసుప్రసాద్ ఎగేశాడు. ఏటా వినే కథే అది. తప్పించుకునే దారి లేదు. రామాంజి మొదలుపెట్టాడు. రెండు మాటలు చెప్పేసరికి మునుపటిలాగే ఆ కథ అతణ్ణి లాక్కుపోయింది.

"నాకప్పుడు పన్నెండేండ్లు. మా చెల్లికి ఏడు. గుడి చుట్టూ బురదలో బండి తిరిగేటప్పుడు తానూ ఎక్కుతానని ఒకటే ఏడుపు. ఆ తొక్కిసలాటలో ఆడపిల్లకేం పని అని నాయన తిట్టినాడు. నేనేం చేసినానంటే, దానికి నా చొక్కా తొడిగి, తలకు టవలు చుట్టి, మగపిల్లోని మాదిరి చేసి బండెక్కిచ్చినా. రెండు చుట్లు బాగానే తిరిగినాం. మూడో చుట్టులో ముందర గాడిదలు అడ్డమొచ్చినాయి. ఎద్దులు బెదిరినాయి, చక్రం దిగబడింది. ఇది ఎగిరి బురదలో పడింది. లేపితే ఒట్టి కండ్లు మాత్రం కనపడతాండాయి."

అందరూ నవ్వారు. మధులత నవ్వలేదు.

"ఇంటికాడ ఏం చెప్పినారు మరి?" అని అడిగింది.

"కాలువకాడికి తీసకపోయి కడిగినా. కాలువలో పడిందని చెప్పినా. బండి సంగతి ఎవరికీ చెప్పకూడదని చౌడమ్మ మీద ఇద్దరం ఒట్టేసుకున్..."

మాట సగంలో తెగిపోయింది. ఆమె గ్లాసు కింద పెట్టి అతణ్ణే చూస్తోంది. ఆ ఒట్టు సంగతి ఏ జవాబులోనూ ఆమె రాయలేదని రామాంజికి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె దాన్ని ఎవరికీ చెప్పలేదు. బండి మీద ఉన్నది ఇద్దరే. ఇద్దరిలో ఒకరు ఎదురుగా కూర్చున్నారు.

"ఈడ ఉక్కగా ఉండాది. మిద్దెమీద గాలి తగులుతాదేమో" అని మధులత లేచింది.

రామాంజి కూడా లేచాడు. "యాడికప్పా? తిని పో" అన్నాడు నాగసుబ్బయ్య. "ఇప్పుడే వస్తా మామా" అని రామాంజి వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు.

పైన నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, దుమ్ము రంగు ఆకాశం. ఆమె పిట్టగోడకు ఆనుకుని అతనికేసి తిరిగింది. ఇప్పుడు అన్నా లేదు, నవ్వూ లేదు.

"ఆ కథ మా అన్నను అడిగి తెలుసుకున్నావా, చంపి తెలుసుకున్నావా?"

రామాంజికి ముందు అర్థం కాలేదు. "చంపేది ఏందమ్మా? కళ్యాణ్ బెంగళూరులో..."

"మా అన్న మన్నులో ఉండాడు. పదకొండేండ్లయింది."

పక్క మేడ మీద పిల్లలెవరో పండగ బట్టలతో గోల చేస్తున్నారు. రామాంజి సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు. ఎర్రగుంట్ల గదిలో చాప మీద పడుకుని, ఎడమచేతి ఆరో వేలితో తాళం వేస్తూ ఊరి కథలు చెప్పే కళ్యాణ్. కడుపు పట్టుకుని నవ్వే కళ్యాణ్. ఆ నవ్వును ఇన్నేళ్ళూ ఎవరికోసం దాచిపెట్టాడు తను?

ఆమె అతని మొహాన్ని వదలకుండా చూస్తోంది. ఆస్పత్రిలో రోగి అబద్ధం చెబుతున్నాడో లేదో చూసే చూపు అది.

"నీ పేరు చెప్పు. నిజం పేరు."

"రామాంజి." ఆ మూడక్షరాలు పైకి అని ఎంతకాలమైందో! "మాది కోసిగి."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మీ అన్న పేరు?"

"చిన్న ఈరన్న. నీకెట్లా..."

"ఎప్పుడు వచ్చినావు ఈ దేశానికి?"

"ఆ ఏడు మే నెల, పద్నాలుగో తేదీ."

"రుజువు?"

పాస్‌పోర్టు అరబ్బు యజమాని దగ్గర ఉంటుంది. కానీ ఇక్కడ పనిచేసే ప్రతివాడి పర్సులోనూ దాని జిరాక్సు ఒకటి మడతలుపడి ఉంటుంది. రామాంజి తీసి ఇచ్చాడు. ఆమె కాగితం విప్పి దిగిన తేదీ ముద్ర చూసింది. రెండోసారి చూసింది. భుజాలు కిందికి జారాయి.

"శవం దొరికింది పద్దెనిమిదిన" అంది మెల్లగా. "చంపి ఒక పూట కూడా కాలేదంట. అప్పటికి నువ్వు ఈడ ఉండావు. నువ్వు కాదు."

తర్వాత ఆమె నిలబడలేక అతని పక్కనే దిమ్మె మీద కూర్చుంది. అన్నీ చెప్పింది. మూడు నెలల కిందట వాళ్ళ కల్లూరు ఇంటి మీద అంతస్తు వేసేందుకు కోసిగి నుంచి కూలీలు వచ్చారు. అందులో ఒకాయన నీళ్ళు అడగడానికి లోపలికి వచ్చి, గోడ మీది కళ్యాణ్ ఫొటో చూసి, చెంబు కింద పడేశాడు. ఫొటోలో కళ్యాణ్ ఎడమచెయ్యి, ఆ చేతికి ఆరో వేలు. ఆయన చిన్న ఈరన్న. ఎర్రగుంట్లలో రైలుకట్ట పక్కన దొరికిన శవాన్ని తమ్ముడిదని తెచ్చుకుని కోసిగిలో పూడ్చిన మనిషి.

"బండరాయితో కొట్టినారు. మొకం తెలీదు. జేబులో నీ ఓటరు కార్డు ఉండాది. ఆరో వేలు మీ అన్న అప్పుడే చూసినాడంట. చూసీ నోరు మూసుకున్నాడు."

"ఏంటికి?"

"ఇది మా రామాంజి కాదంటే, మీ రామాంజి యాడికి పోయినాడు, ఈణ్ణి చంపింది వాడేనా అని పోలీసులు అడుగుతారు గదా. తమ్ముడు హంతకుడైతాడని భయపడినాడు. పరాయోణ్ణి తెచ్చుకోని, తమ్ముడని మీ అమ్మచేత ఏడిపిచ్చినాడు."

రామాంజి తలెత్తాడు. "అమ్మ... నేను చచ్చిపోయినాననుకుంటాందా?"

"నీకు సమాధి కట్టినారు. ఏటా ఉగాది మరుసటి దినం ఆయమ్మ ఆడికి పోయి కూర్చుంటాదంట."

అయితే ప్రతి ఉగాదికీ వచ్చిన ఆ కబుర్లు? అమ్మ బాగుండాదంట, నిన్ను అడిగిందంట. చచ్చిపోయిన కొడుకును ఏ తల్లి అడుగుతుంది? ఎవరిని అడుగుతుంది? ఆ కబురు చెప్పిన నోరు ఒక్కటే.

అతను ఆ మాట అనబోతుండగా మధులత కళ్ళు తుడుచుకుంది. "ఇంకొకటి చెప్తా విను. ఆ మెసేజులు రాసినోణ్ణి పట్టిద్దామనే, నువ్వు రాసిన ఈ మెస్సు జాడ పట్టుకోని, ఈడికి ఉద్యోగం వెతుక్కోని వచ్చినా. మొన్న నిన్ను చూసినాక వారమంతా వాటిని మళ్ళీ చదివినా. నేను ఫస్ట్ క్లాసులో పాసైతే ఎగిరి గంతేసినావు. నాకు జ్వరమొస్తే మూడు దినాలు అడిగినావు. చంపినోడు అట్లా రాయగలడా అని ఒక పక్క. రాయగలడేమో అని ఇంకొక పక్క. నా ప్రాణం తీసినావప్పా."

"నాకు రాసుకోనీక ఎవరూ లేరమ్మా" అన్నాడు రామాంజి. "కళ్యాణ్ రాయమన్నది ఉగాదికి రెండు ముక్కలే. మిగతావన్నీ నేనే..."

ఆమె ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది. "మీ అన్న ఈపొద్దు ఫోన్ పక్కనే పెట్టుకోని కూర్చోనుంటాడు. మాట్లాడు."

తెర మీద ముందు ఇటుకల గోడ కనిపించింది. తర్వాత నెరిసిన గడ్డం. తర్వాత ఆ కళ్ళు.

"అన్నా."

చిన్న ఈరన్న ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. మళ్ళీ దూరంగా పెట్టుకున్నాడు. సిమెంటు అంటిన వేలితో తెరను తుడిచాడు, తమ్ముడి మొహాన్ని తుడిచినట్టు.

"బొద్దుగైనావు గదరా" అన్నాడు చివరికి. అని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "అమ్మతో ఎట్లా చెప్పాల్రా? ఏమని చెప్పాల?"

రామాంజికి నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కోసిగి మిద్దె, ఆముదం వాసన, పదకొండేళ్ళ ఉగాదులు అన్నీ ఆ మొహంలో కనిపించాయి. వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది గానీ అతను వినిపించుకునే స్థితిలో లేడు.

"ఏమప్పా, తోడబుట్టినోళ్ళు మాటల్లో పడి అన్నం మరిచినారా?" నాగసుబ్బయ్య గొంతు. రెండు చేతుల్లో భక్ష్యాల పళ్ళేలు.

మధులత గిరుక్కున తిరిగింది. కింద తను చెప్పింది ఒకే వీధి అని. చెల్లెలని చెప్పలేదు.

ఫోన్‌లో ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. చిన్న ఈరన్న ఇప్పుడు తమ్ముణ్ణి చూడటం లేదు. తమ్ముడి భుజం మీదుగా చూస్తున్నాడు.

"రామాంజీ" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "నీ ఎనకాల నిలబడినాయప్ప ఎవరు?"

"నాగసుబ్బయ్య మామ. నన్ను ఈడికి పంపిచ్చిన ఏజెంటు."

"ఆ పొద్దు ఎర్రగుంట్లలో గుడ్డ ఎత్తి నాకు శవాన్ని సూపిచ్చింది ఆయప్పే. 'మీ రామాంజేనప్పా, నేను బాగా ఎరుగుదును' అని పోలీసులకు సాచ్చికం సెప్పింది ఆయప్పే."

ఆ మాటలు అక్కడున్న ముగ్గురికీ వినిపించాయి. రామాంజిని నాలుగు రోజుల ముందే విమానం ఎక్కించినవాడే అది అతని శవమని చెప్పాడు; పేర్ల గుట్టు తెలిసిన మూడోవాడు కళ్యాణ్ ఒక్కడే.

నాగసుబ్బయ్య మొహంలో నవ్వు చెదరలేదు. చేతిలోని పళ్ళేలను జాగ్రత్తగా పిట్టగోడ మీద పెట్టాడు. నెయ్యి అంటిన వేళ్ళను కండువాకు తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి, మెట్ల తలుపు మూసి, పైగడియ పెట్టాడు.